కరగని వేసలీన్

ఆ శుక్రవారం పొద్దున ఇంట్లోంచి బయల్దేరేటప్పటికి నా చేతిలో ఉన్న సరుకు బహు తక్కువ. కొండ మలుపులో ఇంజను పట్టేసి, ఎదురుగా వచ్చే కలప లారీ కిందికి దూరిపోయిన నీలం రంగు కారు ఒకటి. అందులో చనిపోయిన లియోనా కారిక్ అనే రిటైరైన టీచరు. దానికి ముందురోజే ఆ కారు ఆయిల్ పంపు విప్పి, చూసి, బిగించిన మెకానిక్ సిల్వి పెల్టో. ఆమెను విడిపించమని నన్ను పెట్టుకున్న, ఆమె పనిచేసే రిపేరు షెడ్డు యజమాని ఐనో హౌతలా. వీటికి తోడు సిల్వి మాట ఒకటి. సోమవారం జడ్జి ముందు తప్పంతా తనదేనని ఒప్పుకుంటానని ఆమె తన వకీలుతో చెప్పేసింది. ఒప్పుకుంటే జైలు ఖాయం. ఆమె కూతురు మారిట్‌ని దులూత్‌లో ఉన్న తండ్రి తీసుకుపోతాడు. తాగి చెయ్యి చేసుకుంటాడని సిల్వి వదిలేసి వచ్చిన మనిషి అతనే.

నేను వైనో సల్మెలా. సగం జీవితం పాడైపోయిన కార్లు కొని, ముక్కలుగా విప్పి అమ్మాను. ఇప్పుడు వకీళ్ళు పిలిస్తే వెళ్ళి, ఏ ఇంజను ఎందుకు చచ్చిందో చెబుతాను. పని మారింది గాని చూపు మారలేదు. అమ్మేవాడు ఏం చెబుతున్నాడన్నది నాకు అనవసరం. ఏది చూపించకుండా పక్కకి తిప్పుతున్నాడో అది కావాలి.

సిల్వి చాలా పక్కకి తిప్పుతోంది. అందుకే ముందు లాకప్పుకి వెళ్ళాను.

"కాఫీ తెచ్చారా?" అంది కూర్చోకుండానే. నలభై దాటని మనిషి. గోళ్ళ చుట్టూ నల్ల నూనె చారలు వారం రోజుల లాకప్పు సబ్బుకి కూడా పోలేదు.

"తెచ్చాను. ఇక్కడి కాఫీ కన్నా నయమని మాత్రం హామీ ఇవ్వలేను."

"ఇక్కడిది కాఫీ అని ఎవరన్నారు?" గ్లాసు అందుకుని కూర్చుంది. "అడగండి. ఎన్నిసార్లు అడిగినా జవాబు అదే."

"పంపు విప్పిందెవరు?"

"నేనే."

"లోపల చూసిందెవరు?"

"నేనే. గేర్లు బాగున్నాయి, అరుగుదల లేదు. నూనె పీల్చే గొట్టం వదులైంది, అందుకే గాలి పీల్చి ప్రెషరు పడిపోతోంది. గొట్టానికి వెల్డింగు చుక్క పెట్టి మళ్ళీ ఎక్కిస్తే చాలు."

"మళ్ళీ ఎక్కించిందెవరు?"

కాఫీ ఒక గుక్క తాగింది. "పంపు నాది."

"నేనడిగింది అది కాదు."

"నేను చెప్పేది అదే."

"సిల్వీ, ఆ రోజు మూడింటికి మీ అమ్మకి ఊపిరాడటం లేదని కబురొచ్చి నువ్వు ఆస్పత్రికి పరిగెత్తావు. ఐదింటికి లియోనా టీచరు కారు తీసుకెళ్ళిపోయింది. మూడింటికి బల్ల మీద ఉన్న పంపు ఐదింటికి ఇంజనులోకి దానంతటదే ఎక్కిందా?"

"మధ్యలో తిరిగొచ్చి బిగించాను."

ఆ జవాబు మరీ తొందరగా వచ్చింది. మొదటి ధరకే బేరం ఒప్పుకునేవాణ్ణి చూస్తే నాకు గుండె దడ. సరుకులో ఏదో ఉందని అర్థం.

"ఆస్పత్రిలో చీకటి పడేదాకా నువ్వు మంచం పక్క నుంచి కదల్లేదని మీ అక్క అంటోంది."

"మా అక్కకి మా అమ్మ తప్ప ఎవరూ కనబడరు." గ్లాసు బల్ల మీద పెట్టింది. "వైనో గారూ, లియోనా టీచరు నాకు మూడో తరగతిలో ఎక్కాలు నేర్పింది. ఆయిల్ ప్రెషరు లైటు మిణుకుమంటోందని నమ్మకంగా కారు తెచ్చి నా చేతుల్లో పెట్టింది. ఆవిడ చచ్చిపోయింది. ఎవరో ఒకరు తప్పు ఒప్పుకోవాలి కదా?"

"ఎవరో ఒకరు కాదు. చేసినవాళ్ళు. మరి మారిట్ సంగతేంటి?"

అప్పుడు మాత్రం ఆమె మొహం తిప్పుకుంది. "దాని పేరు ఇక్కడ ఎత్తకండి" అని లేచిపోయింది.

*

కారు ఉన్నది కౌంటీ రోడ్ల శాఖ షెడ్డులో, మంచు తీసే లారీల పక్కన. రెండు పక్షాలూ కలిసి పంపు విప్పి చూడాలని, విప్పింది విప్పినట్టే తిరిగి బిగించి సీలు వెయ్యాలని ఒప్పందం. ఇదంతా జరిపించింది ఐనో పట్టుదలే. "ముందు పంపు విప్పించరా వైనో. పంపు బాగుందని తేలితే అమ్మాయి బయటికొస్తుంది. పంపు బాగానే ఉంటుంది, నేను చెబుతున్నాగా" అని ఫోనులో పదే పదే అన్నాడు. అంత ధీమా ఎక్కడిదో అప్పుడు అడగలేదు. తన చేతికింద పనిచేసే మనిషి మీద నమ్మకం అనుకున్నాను.

డ్వైట్ ట్రెవారో అప్పటికే వచ్చి, పనిముట్ల పెట్టె మీద కూర్చుని మాంసం కూరిన పాస్టీ రొట్టె తింటున్నాడు. ఇన్సూరెన్సు కంపెనీ తరఫు మనిషి. సైన్యంలో ట్యాంకుల ఇంజన్లు విప్పినవాడు. వాడికి పని రాదని ఎవరైనా అంటే నేను ఒప్పుకోను. మా ఇద్దరికీ మధ్య పాత వేలంపాటల గొడవలున్నాయి, అది వేరే సంగతి. జలుబు చేసి ముక్కు ఎర్రబడి ఉంది.

"ఏం సల్మెలా, ఇంకా తుక్కు అమ్ముకుంటున్నావా?"

"కొనేవాడు నీలాంటోడు దొరికినన్నాళ్ళూ అమ్ముతా."

"ఈసారి నువ్వే తుక్కు కొన్నావు. ఆ పిల్ల తప్పు చేసిందని నీకూ తెలుసు."

"ఆ పిల్లకి నలభై ఏళ్ళు. పాస్టీ ముగించు, చేతికి నూనె అంటాక తినలేవు."

సాక్షిగా ఒక డిప్యూటీ గోడకి ఆనుకుని నిలబడ్డాడు. కారుని లిఫ్టు మీద పైకెత్తాం. ముందుభాగం నలిగి ముద్దయినా ఇంజను అడుగు దెబ్బతినలేదు. కింద బేసిను పెట్టి నూనె దించాను. టార్చి వేస్తే నల్లటి నూనెలో బంగారు పొడి చల్లినట్టు మెరుపు. బేరింగులు అరిగి రాలిన రజను అది. నూనె అందక ఇంజను తిప్పే క్రాంకు ఇరుసు ఎండిపోయి పట్టేసింది. అందులో ఇద్దరికీ తేడా లేదు.

"నూనె ఎందుకు అందలేదు, అదే ప్రశ్న" అన్నాడు ట్రెవారో.

ఇంజను అడుగున నూనె నిలిచే పాన్ బోల్టులు ఒక్కొక్కటే వదులు చేశాను. ఆఖరి బోల్టు తీసి, పాన్ అంచున పలచటి కత్తి దూర్చి లాగాను. అది ఊడి నా చేతుల్లోకి రాగానే వాసన వచ్చింది.

వెనిగర్ వాసన.

పాన్ అతికించే సిలికోన్ పేస్టు ఆరేటప్పుడే ఆ వాసన వస్తుంది. చలిలో కాస్త ఆలస్యంగా ఆరుతుంది, నిజమే. అయినా మూణ్ణాలుగు రోజులకి మించి నిలవదు. ప్రమాదం జరిగి రెండు వారాలు. బొటనవేలితో అంచు నొక్కి చూశాను. మూలలో పేస్టు ఇంకా మెత్తగానే ఉంది.

ఎవరో ఈ పాన్ని ఈ వారంలోనే విప్పి మళ్ళీ అతికించారు.

ట్రెవారో ముక్కు చీదుకుంటున్నాడు. ఆ జలుబుకి లోలోపల దణ్ణం పెట్టుకుని పాన్ పక్కన పెట్టాను.

పంపు కనబడుతోంది. వెనక బేరింగు మూతకి ఒకే ఒక్క పెద్ద బోల్టుతో వేలాడుతూ, కింద గొట్టం, గొట్టం చివర నూనె వడకట్టే తీగ జాలి. గొట్టం గట్టిగా ఉంది, కదిపితే కదల్లేదు. అతుకు దగ్గర ఇత్తడి వెల్డింగు మెరుస్తోంది. బోల్టు విప్పాను. పంపుతోపాటు దాన్ని తిప్పే సన్నటి ఇరుసు కూడా జారి చేతికొచ్చింది. దాని చివరి తొడుగు విరగలేదు. అన్నీ పద్ధతిగా ఉన్నాయి.

"గొట్టం బాగుంది కదా?" అన్నాను. "ఊడిపోయి గాలి పీల్చిందన్నావు నీ రిపోర్టులో."

ట్రెవారో జాలి తన వైపు తిప్పుకుని, టార్చి దగ్గరగా పెట్టి, చాలాసేపు చూశాడు. తరవాత బేసినులోని నూనెలో వేలు ముంచి డిప్యూటీకి చూపించాడు.

"ఇది చూడు. నూనె నిండా లోహపు రజను. ఈ జాలిలోంచే కదా నూనెంతా పోవాలి? జాలిలో ఒక్క రేణువు చూపించు సల్మెలా. నీకు డిన్నరు పెట్టిస్తా."

చూపించలేకపోయాను. జాలి కడిగినట్టుంది. పాన్ కంగారులో నేను జాలి వైపు చూడనేలేదు. వాడు చూశాడు.

"మూత విప్పు" అన్నాడు.

ఇక విప్పక తప్పదు. పంపు వెనక మూత మరలు తీశాను. లోపల రెండు పళ్ళ చక్రాలు ఒకదానిలో ఒకటి ఇమిడి ఉంటాయి. ఆ పళ్ళ మధ్య సందులన్నీ తెల్లగా, మెత్తగా, నిండుగా ఉన్నాయి.

వేసలీన్.

చదివేవాళ్ళకి ఇది ఒక్క ముక్క చెప్పాలి. ఖాళీ పంపు మొదటిసారి తిరిగినప్పుడు నూనె పైకి లాగలేక ఉత్తగా తిరుగుతుంది. అందుకని బిగించే ముందు కొందరు మెకానిక్కులు దాన్ని వేసలీన్‌తో నింపుతారు. ఇంజను తిరగ్గానే పంపు నూనెని పట్టుకుంటుంది. నూనె వేడెక్కగానే వేసలీన్ కరిగి అందులో కలిసిపోతుంది. పది మైళ్ళు తిరిగిన ఇంజనులో దాని ఆనవాలు కూడా మిగలదు.

కారు షెడ్డు నుంచి తీసుకెళ్ళాక లియోనా ముప్పై మైళ్ళు నడిపింది.

"ఈ పంపు ఒక్క చుట్టు కూడా తిరగలేదు" అన్నాడు ట్రెవారో మెల్లగా. గొంతులో సంతోషం లేదు, అదే నాకు భయమేసింది. "చచ్చిన ఇంజనులో మంచి పంపు తెచ్చి పెట్టారు. సల్మెలా, ఆ వెనిగర్ వాసన సంగతి ఎప్పుడు చెబుదామనుకున్నావు?"

"నీ ముక్కు మూసుకుపోయిందనుకున్నా."

"ఒక పక్కే." చేతులు తుడుచుకున్నాడు. "పొద్దుటిదాకా ఇది అజాగ్రత్త కేసు. ఇప్పుడు సాక్ష్యం మార్చిన కేసు. అజాగ్రత్తకి జడ్జి జాలి పడతాడు. దీనికి పడడు."

"ఆమె వారం రోజులుగా లాకప్పులో ఉంది. పేస్టు ఆ తరవాతది. ఆమె ఎలా మారుస్తుంది?"

"ఆమె కోసం ఎవరో మార్చారు. ఆమె చెబితేనే మార్చారని ప్రాసిక్యూటరు అంటాడు. కాదని నువ్వు నిరూపించు. నేను టౌనుకెళ్ళి ఆయనతో మాట్లాడి వస్తా. ఇది మళ్ళీ బిగించి సీలు వేయించు."

డిప్యూటీ చూస్తుండగా తిరిగి బిగించడం మొదలుపెట్టాను. మూత మరలు వేశాను. ఇరుసుని దాని గాడిలో కూర్చోబెట్టి, పంపుని పైకెత్తి, బోల్టు పెట్టేముందు నా కుడిచెయ్యి దానంతటదే నూనె డబ్బా కోసం వెనక్కి వెళ్ళింది. బోల్టు మరల మీద ఒక చుక్క వెయ్యడం నా అలవాటు.

చెయ్యి గాలిలోనే ఆగిపోయింది. ఈ బోల్టుకి నూనెతో ఏం పని? ఈ ఇంజను మళ్ళీ తిరగదు.

వేసలీన్ సంగతి అప్పుడు అర్థమైంది. మోసం చెయ్యడానికి వచ్చినవాడు ఆ పంపుని పొడిగా పెట్టి ఉంటే చాలు, ఇంకా మంచిది, నల్ల నూనెలో ముంచి పెట్టి ఉంటే మేమిద్దరం ఏమీ కనిపెట్టలేకపోయేవాళ్ళం. వాడు ఆలోచించలేదు. జీవితమంతా పంపు చేతిలోకి రాగానే వేసలీన్ డబ్బా మూత తీసిన మనిషి. మోసం చేస్తూ కూడా పని సరిగ్గానే చేశాడు.

మా వైపు మెకానిక్కులంతా పంపులో ఇంజనాయిలే పోస్తారు. వేసలీన్ పెట్టేది ఒక్క షెడ్డే. అక్కడ పనిచేసేది ఇద్దరే. అందులో ఒకరు లాకప్పులో ఉన్నారు. రెండోవాడు ఈ కౌంటీ మంచు లారీలు రిపేరు చేస్తాడు గనక ఈ షెడ్డు తాళంచెవి అతని జేబులోనే ఉంటుంది.

బోల్టు బిగించి, పాన్ ఎక్కించి, డిప్యూటీ చేత సీలు వేయించాను. నా కక్షిదారు ఇంటికి బయల్దేరాను.

*

ఐనో హౌతలా షెడ్డులో పొయ్యి రాజేసి ఉంది. డెబ్బై దాటిన మనిషి, వెడల్పాటి భుజాలు ఇప్పుడు ముందుకి వంగాయి. నన్ను చూడగానే యాలకుల రొట్టె కోసి ముందు పెట్టాడు.

"తిను. పంపు బాగుందిగా?"

"చాలా బాగుంది పెద్దాయనా. అంత బాగున్న పంపుని నేనెప్పుడూ చూడలేదు. ఒక్కసారి కూడా తిరగలేదది."

కత్తి రొట్టెలో ఆగింది.

"వేసలీన్ ఎందుకు పెట్టావు?" అన్నాను.

నా మొహంలోకి చూశాడు. ముందు అర్థం కాలేదు. తరవాత అర్థమైంది. తన చేతులు తిప్పి చూసుకున్నాడు, అవి తనని అమ్మేసినట్టు. "పెట్టానా?" అన్నాడు. "పెట్టినట్టే గుర్తులేదురా."

"ట్రెవారో ప్రాసిక్యూటరు దగ్గరికెళ్ళాడు. సిల్వి చెబితే మార్చారని రుద్దుతారు. నువ్వు ఆమెకి తాడు తీద్దామని వెళ్ళి ఇంకో ముడి వేశావు. అసలు పంపేదీ?"

"పారేశా."

"నువ్వు పారెయ్యవు. విరిగిన మేకు కూడా దాచేవాడివి."

లేచి వెళ్ళాడు. ఆవిరిస్నానం చేసే సౌనా గదిలో కట్టెల చప్పుడు వినబడింది. గోనెలో చుట్టిన పంపు తెచ్చి బల్ల మీద పెట్టాడు. నూనె ఇంకా కారుతోంది. జాలి నిండా బంగారు రజను.

"బిగించింది నువ్వేనా?"

"నేనే. మంచు తుపాను వస్తోందని రేడియోలో చెప్పారు. లియోనా తొందరపడి ముందే వచ్చేసింది. పంపు బల్ల మీద ఉంది. గొట్టం అతుకు ఒక్కటే మిగిలింది. ఇత్తడి పోసి అతికించా, వేసలీన్ పెట్టి ఎక్కించా, ఇంజను స్టార్టు చేశా. లైటు ఆరిపోయింది. పంపించేశా." చేతులు గోనెకి తుడుచుకున్నాడు. "నాకు వయసైపోయింది వైనో. ఎక్కడో తప్పు చేశా. ఏం తప్పో నాకే తెలీదు. దీన్ని విప్పి చూసుకునే ధైర్యం కూడా లేకపోయింది. అమ్మాయి నా పేరు ఎత్తదు. నేను ఎత్తుకోలేకపోయా."

"ఇప్పుడు చూద్దాం."

మూత విప్పాను. గేర్లు బాగున్నాయి. ఫీలర్ రేకు దూర్చి సందు కొలిచాను, సరిగ్గానే ఉంది. గొట్టం అతుకు గట్టిగా ఉంది, ఇత్తడి చక్కగా పారింది. వయసైపోయిన చేతులు చేసిన పనిలా లేదు. మిగిలింది ప్రెషరు వాల్వు ఒక్కటే. పంపు పక్కన చిన్న గది, లోపల ఒక ముక్క, దాన్ని నొక్కి ఉంచే స్ప్రింగు, పైన మరబిరడా. నూనె ప్రెషరు నిలబడేది ఆ స్ప్రింగు బలం మీదే.

బిరడా విప్పాను. ముక్క జారి నా అరచేతిలో పడింది. పంపు బోర్లించి తట్టాను. ఇంకేమీ పడలేదు.

"స్ప్రింగేదీ?" అన్నాను.

"అందులోనే ఉంటుంది."

"లేదు."

పంపు నా చేతిలోంచి లాక్కున్నాడు. వేలు దూర్చి చూశాడు. స్ప్రింగు లేకపోతే పంపు తోసిన నూనె తోసినట్టే పాన్‌లోకి తిరిగి పడిపోతుంది. చలిలో చిక్కగా ఉన్నంతసేపు కాస్త ప్రెషరు నిలిచి లైటు ఆరిపోతుంది. వేడెక్కి పలచబడగానే అంతా పోతుంది. లైటు మళ్ళీ వెలిగే ఉంటుంది. నెలరోజులుగా ఆ లైటు మిణుకు చూసి చూసి అలవాటుపడ్డ లియోనా పట్టించుకుని ఉండదు.

"నేను స్ప్రింగు ముట్టుకోలేదు" అన్నాడు ఐనో. "నేనెప్పుడూ తియ్యను. స్ప్రింగు లోపల ఉండగానే తడిగుడ్డ చుట్టి ఇత్తడి పోస్తా."

"సిల్వి?"

కూర్చుండిపోయాడు. "ఆమె తీస్తుంది. వెల్డింగు వేడికి స్ప్రింగు మెత్తబడుతుందని ముందే తీసి పక్కన పెడుతుంది. లోపలికి నలుసు పోకుండా బిరడా మాత్రం మళ్ళీ వేస్తుంది. నేనే నవ్వేవాణ్ణి, అంత చాదస్తమేంటని."

"ఆస్పత్రి నుంచి ఫోను చేసిందా?"

"చేసింది. 'పంపు వాల్మిస్, అతుకే మిగిలింది' అంది."

మా ఇళ్ళలో తాతల నాటి ఫిన్నిష్ మాట సగం సగమే మిగిలింది. వాల్మిస్ అంటే పూర్తయిందనీ అంటాం, తయారుగా ఉందనీ అంటాం. ఆమె చెప్పింది అతుకు వెయ్యడానికి తయారుగా ఉందని. ఆయన విన్నది అతుకు తప్ప అంతా పూర్తయిందని. ఆమె జాగ్రత్త తప్పు కాదు. ఆయన పనితనం తప్పు కాదు. రెండూ ఒకే పంపులో కలిశాయి, అంతే.

"అంటే..." ఐనో మొహంలో ఒక క్షణం రక్తం తిరిగింది. "అంటే నా చేతులు..."

నేను ఆయన్ని చూస్తూ ఉండిపోయాను. తప్పు తనది కాదని తేలిన మనిషి మొహం అది. పక్కనే, దాన్ని ఎవరి మీదికి నెట్టాలో కూడా తెలిసిపోయిన మొహం. స్ప్రింగు తీసింది సిల్వి. ఆ ఒక్క ముక్క చెబితే ఈయన బయటపడతాడు.

బయట కారు తలుపు చప్పుడైంది. ట్రెవారో, వెనక డిప్యూటీ.

"మీ తాళంచెవి సంగతి కనుక్కోవడానికి మాకు ఎక్కువసేపు పట్టలేదు హౌతలా గారూ" అన్నాడు ట్రెవారో గుమ్మంలోంచే. బల్ల మీద రెండు ముక్కలుగా ఉన్న పంపు చూశాడు. నా మొహం చూశాడు. దగ్గరికొచ్చి ఖాళీ వాల్వు గదిలోకి టార్చి వేసి, మెల్లగా ఈల వేశాడు.

"స్ప్రింగు" అన్నాడు. "ఓహో. అదా."

"ఏది అదా?" అన్నాను.

"అరెస్టు చేసిన రోజు ఆమె కోటు జేబులో ఒక చిన్న స్ప్రింగు దొరికింది. ఏంటని అడిగితే నోరు విప్పలేదు. పెన్నులోదో బొమ్మలోదో అనుకుని వదిలేశారు."

ప్రమాదం జరిగిన మర్నాడు సిల్వి బల్ల దగ్గరికి వచ్చి ఉంటుంది. తను తీసిపెట్టిన స్ప్రింగు తీసిపెట్టిన చోటే ఉండడం చూసి ఉంటుంది. ఎవరు బిగించారో తెలుసు, లియోనా ఎందుకు చచ్చిపోయిందో తెలుసు. తెలిసే ఆ ఇనప చుట్ట జేబులో వేసుకుని, ముసలాయన వైపు ఎవరూ చూడకుండా తనే ముందుకొచ్చి నిలబడింది.

ఐనో దాన్ని నాకన్నా ముందే లెక్క కట్టుకున్నాడు. కోటు తొడుక్కుని గుండీలు ఒక్కొక్కటే పెట్టుకున్నాడు.

"రాసుకో" అన్నాడు ట్రెవారోతో. "పంపు ఎక్కించింది నేను. ఎక్కించేముందు బిరడా విప్పి చూడాల్సింది నేను. పంపు మార్చింది కూడా నేనే, ఆ అమ్మాయికి తెలీదు. ఈ షెడ్డులో ఆఖరి బోల్టు బిగించినవాడే జవాబుదారీ. ఆ రూలు పెట్టింది కూడా నేనే."

"స్ప్రింగు తీసింది ఆమే కదా?"

"తియ్యడమే సరైన పని. నేనే నేర్చుకోలేదు."

ట్రెవారో నా వైపు తిరిగాడు. మొహంలో గెలుపు లేదు. "జడ్జి మీ షెడ్డు రూలు అడగడు సల్మెలా. ఇద్దరి మీదా పెట్టొచ్చు."

"పెట్టొచ్చు. నీ రిపోర్టులో ఏం రాస్తావో దాన్ని బట్టి ఉంటుంది."

"నేను చూసిందే రాస్తా."

"అంతే చాలు."

డిప్యూటీ ఐనో మోచెయ్యి పట్టుకుని కారు ఎక్కించాడు. ముసలాయన వెనక్కి తిరిగి పొయ్యి ఆర్పమని మాత్రం చెప్పాడు.

ఆర్పేసి, తాళం వేసి, మంచులో నిలబడి రోజు లెక్క చూసుకున్నాను. నన్ను పెట్టుకున్న కక్షిదారుని నేనే పట్టించాను. నేను విడిపించాల్సిన మనిషి ఇంకా లాకప్పులోనే ఉంది, ఆమె దాచిన ఒక్క వస్తువూ బయటపడింది. మారిట్ ఎవరి దగ్గర ఉంటుందో ఇంకా తేలలేదు. లియోనా కారిక్ ఎలాగూ తిరిగి రాదు. వీటికి ఎదురుగా నిలబెట్టడానికి నా వైపు మిగిలిన లాభం ఒక్కటే. సోమవారం జడ్జి ముందు సిల్వి పెల్టో ఇక అబద్ధం చెప్పక్కర్లేదు.